క్లౌ దొర – ధాత కరువు



మన సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవితం రాసుకుంటున్నాం. ఈసారి పుల్లలచెరువు నుండి ఒంగోలు వరకు పెద్దలకు తెలిసిన ఒక పరదేశి గురించి రాస్తున్నాను. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. మన ముసలివాళ్లు క్లౌ దొర అంటారు.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. పెరిగింది అయోవాలో. యువకుడిగా భూములు కొలిచే సర్వే పని చేశారు. 1864 నవంబరులో భార్య హారియెట్‌తో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరారు. బాప్టిస్టు మిషనరీగా 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న అక్కడ ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. ఆ రోజుల్లో మార్కాపురం, కంభం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి.

వచ్చిన కొత్తలోనే ఆయనకు పెద్ద పరీక్ష ఎదురైంది. ఒంగోలు అగ్రవర్ణాల వారు అడిగితే బడి పెట్టారు. అదే సమయంలో, తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య ప్రభావంతో పడమటి పల్లెల మాదిగలు ఆయన దగ్గరకు రాసాగారు. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలను పంపము అని పెద్దలు కబురు పెట్టారు. ఊరి పెద్దల ఆదరణ పోతే పరాయి దేశంలో నిలబడటం కష్టం. అయినా దంపతులిద్దరూ ఆలోచించి, ప్రార్థించి, మాదిగల వైపే నిలబడ్డారు. బడి ఖాళీ అయింది.

ఇక 1876లో ధాత కరువు వచ్చింది. 1878 వరకు మద్రాసు రాజధానిలో లక్షలాది మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. తెల్ల ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అక్కడ తమ వాళ్లను మేస్త్రీలు చిన్నచూపు చూస్తారని క్లౌ గ్రహించారు. పాత సర్వే పని అక్కరకు వచ్చింది. మూడున్నర మైళ్ల కాలువ పనిని స్వయంగా కాంట్రాక్టు తీసుకున్నారు. తెలుగు బోధకులనే పనిమీద పెద్దలుగా పెట్టారు. మన పడమటి తాలూకాల నుండి కూడా జనం నడిచి వెళ్లి మట్టి మోశారు. ముష్టి కాదు, చేసిన పనికి కూలి.

కాలువ గట్టు మీద వేల మంది బాప్తిస్మం అడిగారు. కరువు ఉన్నంతకాలం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట వాళ్ల మీద పడకూడదని ఆగారు. పని అయిపోయి, చేతిలో ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఆ గుండ్లకమ్మ మన నల్లమలలో పుట్టి, కంభం చెరువు మీదుగా పోయే నదే.

క్లౌ 1910 నవంబరు 24న అమెరికాలో కన్నుమూశారు. ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి వెలిసింది.

ఆయన కూడా తెల్లవారి పాలనలో, ఆ పాలన అండలో పనిచేసిన మనిషే. ఆయన మతం మనలో కొందరిది, కొందరిది కాదు. అయినా నాకు ఆయన జీవితంలో గుర్తుండేది ఆ ఖాళీ అయిన బడి. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. బల్ల మీద చోటు ఎవరికి అన్న ప్రశ్న మన తాతముత్తాతల కాలంలో ఎంత పెద్దదో ఆయన కథ చదివాకే నాకు అర్థమైంది. ఆ చోటు కోసం క్లౌ ఒక్కరే కాదు, కాళ్లకు చెప్పులు లేకుండా ఒంగోలు దాకా నడిచిన మనవాళ్లు కూడా పోరాడారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనకు దక్కిన బల్లను చదువుతో నిలబెట్టుకుందాం. పక్కన ఇంకొకరికి జరిగి చోటిద్దాం.