ఆర్విల్ రైట్ జీవితంలో రెండు పగుళ్లు

విమానమనగానే మనకు రైట్ సోదరులు స్మరణకు వస్తారు. అయితే ఆ విమానాన్ని ముందుకు నడిపిన ప్రొపెల్లరును గూర్చి చెప్పేవారు అరుదు. సోదరులలో చిన్నవాడైన ఆర్విల్ జీవితంలో మేలుకీడులు రెండూ దానితోనే ముడిపడి ఉన్నాయని మాకు తోస్తుంది.

ఆయన 1871 ఆగస్టు 19న అమెరికాలోని డేటన్ నగరంలో ఒక క్రైస్తవ మతబోధకుని ఇంట జన్మించాడు. కళాశాల ముఖం చూడలేదు. అన్న విల్బర్‌తో కలసి మొదట ముద్రణాలయం, పిమ్మట సైకిళ్ల దుకాణం నడిపాడు. ఓడల ప్రొపెల్లర్లను గూర్చిన గ్రంథాలు వారికి అక్కరకు రాలేదు. ప్రొపెల్లరనగా గిరగిర తిరుగుతూ ముందుకు సాగే విమానపు రెక్కయేనని గ్రహించి, స్ప్రూస్ కొయ్య పలకలను జిగురుతో అతికించి, ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లను స్వహస్తాలతో చెక్కారు.

1903 నవంబరులో కిట్టీ హాక్ ఇసుక తిన్నెలపై ఇంజను నడిపి చూడగా ప్రొపెల్లరు ఇరుసులు దెబ్బతిన్నాయి. వాటిని బాగుచేయించి తెప్పిస్తే ఈసారి పళ్ల చక్రాలు వదులయ్యాయి. సైకిలు టైర్లు అతికించే జిగురే వాటిని నిలబెట్టింది! నవంబరు 28న ఒక ఇరుసుపై పగులు కనిపించింది. చలికాలం ముంచుకొస్తున్నది. మరొకరైతే ఒక్కసారి ఎగిరి చూద్దామనుకునేవారేమో. ఆర్విల్ మాత్రం డేటన్‌కు వెళ్లి, బోలు గొట్టాలకు బదులు గట్టి ఉక్కు ఇరుసులు చేయించి, డిసెంబరు 11న తిరిగివచ్చాడు. 17వ తేదీన 12 సెకండ్లలో 120 అడుగులు ఎగిరాడు.

రెండవ పగులు ఆకాశంలో ఏర్పడింది. 1908 సెప్టెంబరు 17న వాషింగ్టన్ సమీపాన ఫోర్ట్ మయర్ మైదానంలో, లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిడ్జ్‌ను వెంట కూర్చోబెట్టుకొని ఎగురుతుండగా ప్రొపెల్లరు రెక్క ఒకటి నిలువునా చీలింది. రెండు రెక్కల ఈడ్పు సరితూగక తీవ్రమైన కంపనం పుట్టింది. ఆ అదురుకు ఇరుసు ఆధారం సడలి, రెక్క పక్కకు జరిగి, తోకను పట్టి ఉంచే తీగకు తగిలింది. విమానం నేలకూలింది. 26 ఏండ్ల సెల్ఫ్రిడ్జ్ ఆనాడే మరణించాడు. ఇంజను విమాన ప్రమాదంలో మరణించిన తొలి వ్యక్తి ఆయనే. ఆర్విల్ తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి. ఉపాధ్యాయిని అయిన చెల్లెలు కేథరిన్ బడికి సెలవు పెట్టి వచ్చి పరిచర్య చేసింది. ఆయన ఆసుపత్రి మంచం మీదనుండే విరిగిన ముక్కలను తెప్పించుకొని కారణాన్ని శోధించాడు. 1909 జూలైలో అదే మైదానంలో పరీక్ష నెగ్గాడు. బాధ మాత్రం ఆయనను వీడలేదు.

నేటికీ పైలట్లు ఎగిరేముందు, ఇంజను ఆపి ఉండగా, ప్రొపెల్లరు అంచులను నిశితంగా పరీక్షిస్తారు. రాయి తగిలి లోహపు అంచున పడిన చిన్న నొక్కు వద్దనే ఒత్తిడి కేంద్రీకృతమై పగులు మొదలవుతుంది. అందుకే అర్హుడైన మెకానిక్ దానిని ఆకురాయితో నునుపు చేస్తాడు. కొయ్య ప్రొపెల్లరునైతే అడ్డంగా నిలిపి ఉంచుతారు. నిలువుగా ఉంచితే తేమ కింది రెక్కకు దిగి తూకం చెడుతుంది.

విల్బర్ 1912లో టైఫాయిడ్‌తో మరణించాడు. అవివాహితుడైన ఆర్విల్ 1948 జనవరి 30న డేటన్‌లోనే కన్నుమూశాడు. అప్పటికి ప్రొపెల్లరు లేని జెట్ విమానాలు ఆకాశంలో తిరుగుతున్నాయి.