రోనాల్డ్ రాస్: దోమ పొట్ట నుంచి దోమ ఊపిరి దాకా

దోమకు ఊపిరితిత్తులు లేవు. ఒంటికి రెండు పక్కలా సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి వెళ్లిన గాలి, చీలుతూ పోయే గొట్టాల గుండా నేరుగా కణాల దాకా చేరుతుంది. ఆక్సిజన్ మోసే పని దాని రక్తానికి లేదు, అందుకే అది ఎర్రగా ఉండదు. దోమను కొడితే చేతికంటే ఎరుపు మనదే! మన ఒంట్లో ఆ మోత పని హిమోగ్లోబిన్‌ది. రాస్ కథంతా నాకు ఈ తేడాలోనే కనిపిస్తుంది.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యాధికారి. ఈయనకేమో కవిత్వం, బొమ్మలు, లెక్కలు ఇష్టం. తండ్రి పట్టుబడితే లండన్‌లో డాక్టరీ చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరాడు. (ఇంట్లోవాళ్లు చెప్పిన బ్రాంచ్ తీసుకున్న మనకు ఇదేం కొత్త కథ కాదు.)

మలేరియా క్రిమి దోమలోకి చేరుతుందని ప్యాట్రిక్ మాన్సన్ ఊహించాడు. దాన్ని తేల్చాలని రాస్ 1895లో సికింద్రాబాద్ వచ్చాడు. ఆ క్రిమికి ఒక ఆనవాలుంది. మన ఎర్ర కణాల్లో దూరి హిమోగ్లోబిన్ తింటుంది. అరగనిది నల్లటి పొడిగా దానిలోనే మిగిలిపోతుంది. మన ఊపిరి మోసే సరుకు తాలూకు మసి అన్నమాట. దోమ పొట్ట గోడలో ఆ మసి కనిపిస్తే, క్రిమి అక్కడ దిగినట్టే.

రెండేళ్లు వేరే జాతుల దోమలను కోసి కోసి చూశాడు. ఏమీ లేదు. ఉక్కపోతలో కూడా పంకా వద్దన్నాడు, గాలికి దోమలు ఎగిరిపోతాయని. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. చివరికి హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకు ఒక అణా చొప్పున తీసుకుని, లార్వాల నుంచి పెంచిన మచ్చల రెక్కల దోమలతో కుట్టించుకున్నాడు. 1897 ఆగస్టు 20న వాటిలో ఒకదాని పొట్ట గోడలో రాస్‌కు ఆ నల్లటి పొడి ఉన్న కణాలు కనిపించాయి.

ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. తాండూరులో, వికారాబాద్‌లో సికింద్రాబాద్ రైలెక్కే మనవాళ్లు రోజూ బేగంపేట స్టేషన్ మీదుగానే పోతారు.

తర్వాత కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, 1898లో క్రిమి దోమ లాలాజల గ్రంథుల దాకా వస్తుందని చూపించాడు. 1902లో నోబెల్. హుసేన్ ఖాన్‌కు దక్కింది ఆ అణాలే. ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో ఘనత ఎవరిదని రాస్ ఏళ్ల తరబడి గొడవపడ్డాడు. అది మాత్రం నాకు నచ్చదు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి రాస్. దోమ లార్వా నీళ్లలో బతికినా గాలి కోసం పైకి రావాల్సిందే. క్యూలెక్స్ లార్వా తోక చివరి గొట్టాన్ని నీటి పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతుంది. మలేరియా మోసే అనాఫిలిస్‌కు ఆ గొట్టం లేదు, నీటి పైపొరకు ఆనుకుని అడ్డంగా పడుకుంటుంది. నీళ్ల మీద పలచగా నూనె పరిస్తే, అది శ్వాస రంధ్రాల్లోకి పోయి లార్వాకు ఊపిరాడదు. 1901లో ఫ్రీటౌన్‌లో కూలీలను పెట్టి రాస్ ఈ పని చేయించాడు. అయితే గుంతలు పూడ్చడం, డబ్బాలు బోర్లించడం కూడా అంతే ముఖ్యమన్నాడు. 1883లోనే బెంగళూరులో తన కిటికీ దగ్గరి నీళ్ల తొట్టి బోర్లించి, గదిలో దోమలు తగ్గడం చూసినవాడు కదా. 1932లో లండన్‌లో చనిపోయాడు.

మా తాండూరులో వదిలేసిన నాపరాయి క్వారీలు వానాకాలం చెరువుల్లా నిండుతాయి. వాటికి గ్యాస్ నూనె ఎన్ని డబ్బాలని పోస్తాం? పోస్తే చేపలూ చస్తాయి. అక్కడికి లార్వాలు తినే గంబూసియా చేపలే దారి. పాలిషింగ్ యూనిట్ల వెనక చిన్న గుంతలకైతే మన దగ్గర బండముక్కలకు కొదవేముంది.