ఎక్కే ముందు ఒక్కసారి చూసుకుందాం
(బెస్సీ కోల్‌మన్ జీవితం)

పత్తి చేలల్లో పెరిగిన ఒక పేదింటి ఆడపిల్ల వందేళ్ల క్రితమే విమానం నడిపింది. ఆమె పేరు బెస్సీ కోల్‌మన్. ఆమె ఎలా ఎగిరిందో అందరూ చెబుతారు. ఎలా పడిపోయిందో కూడా మనం తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

బెస్సీ 1892 జనవరి 26న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. పదముగ్గురు పిల్లల్లో పదవది. 1901లో తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోతే తల్లే కష్టపడి పిల్లల్ని సాకింది. ఒకే గది ఉన్న బడికి బెస్సీ నాలుగు మైళ్లు నడిచి వెళ్లేది. పత్తి తీతలు మొదలైతే బడి బందు. అయినా లెక్కల్లో చురుకు. 1910లో కాలేజీలో చేరింది. ఒక్క టర్ముకే డబ్బులు అయిపోయి ఇంటికి తిరిగొచ్చింది. అలా తిరిగి రావడం ఎలా ఉంటుందో మన హాస్టల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తర్వాత షికాగో వెళ్లి సెలూన్‌లో గోళ్లు తీర్చే పనిలో కుదిరింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అన్న జాన్, ఫ్రాన్సులో ఆడవాళ్లు విమానాలు నడుపుతారని, అది నీవల్ల కాదని ఆటపట్టించాడు. ఆ మాట ఆమె మనసులో నాటుకుంది. నల్లజాతి మనిషి, పైగా ఆడది అని అమెరికాలో ఎవరూ నేర్పలేదు. ‘షికాగో డిఫెండర్’ పత్రికాధిపతి రాబర్ట్ అబ్బాట్ ఫ్రాన్సు వెళ్లమని ప్రోత్సహించాడు. బెస్సీ ఫ్రెంచి నేర్చుకుని 1920 నవంబరులో ఓడ ఎక్కింది. అక్కడ తోటి విద్యార్థి ప్రమాదంలో చనిపోవడం చూసి కూడా వెనక్కి తగ్గలేదు. 1921 జూన్ 15న అంతర్జాతీయ పైలట్ లైసెన్సు పొందింది. నల్లజాతి మహిళల్లో ఆమే మొదటిది.

తిరిగొచ్చి ఆకాశంలో విన్యాసాలు చేసింది. నల్లవాళ్లకు వేరే గేటు పెడితే విమానం ఎక్కనని పట్టుబట్టింది. తనవాళ్ల కోసం ఒక విమాన పాఠశాల పెట్టాలన్నది ఆమె కల. కానీ చేతిలో డబ్బు లేదు. యుద్ధంలో వాడి అమ్మేసిన పాత ‘జెన్నీ’ విమానాలే గతి. 1923లో అలా కొన్న జెన్నీ ఇంజిన్ ఆగి కూలితే కాలు, పక్కటెముకలు విరిగాయి. కోలుకుని మళ్లీ ఎగిరింది.

1926లో డల్లాస్‌లో మరో పాత జెన్నీ కొన్నది. మెకానిక్ విలియం విల్స్ దాన్ని జాక్సన్‌విల్‌కు తెస్తుంటే దారిలో పలుమార్లు మొరాయించింది. ఎక్కవద్దని అయినవాళ్లు చెప్పారు. ఏప్రిల్ 30న విల్స్ నడుపుతుంటే బెస్సీ వెనక కూర్చుంది. మర్నాడు పారాచూట్‌తో దూకాల్సిన చోటును వంగి చూడాలని బెల్టు పెట్టుకోలేదు. విమానం ఒక్కసారిగా కిందికి దూకి తిరగబడింది. బెస్సీ పడి చనిపోయింది. విల్స్ కూడా బతకలేదు. ఎవరో మరచిన పానా ఒకటి లోపల జారి ఇరుక్కుందని తర్వాత తేలింది. ఆమెకు 34 ఏళ్లు.

పైలట్లు విమానం ఎక్కే ముందు చుట్టూ తిరిగి చూస్తారు. పెట్రోలు, ఆయిలు, తీగలు చూస్తారు. స్టిక్కు, పెడళ్లు చివరిదాకా కదిపి రెక్కలకు, తోకకు ఉండే కదిలే పలకలు సరిగా కదులుతున్నాయా అని గమనిస్తారు. లోపల వదులు సామాను లేకుండా చూసి బెల్టు బిగిస్తారు. బెల్టు ఉన్నా ఆమె బతికేదని చెప్పలేం. కానీ ఆ పానా ముందే ఎవరి కంటైనా పడి ఉంటే ఇద్దరూ మిగిలేవారు.

పీజీ ఎంట్రన్స్ రోజు నేను హాల్ టికెట్ మీద సెంటరు సరిగా చూసుకోక వేరే కాలేజీకి వెళ్లాను. ఆటోలో పరుగెత్తి చివరి నిమిషంలో లోపలికి వెళ్లగలిగాను. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ ఆ దారిన పోలేదు కాబట్టి, ఒకసారి చూసుకో అని చెప్పేవాళ్లు లేరు. మనలో చాలామందిది ఇదే పరిస్థితి.

బెస్సీ పోయాక 1929లో ఆమె పేరుతో లాస్ ఏంజెలెస్‌లో విమాన క్లబ్బు వెలసింది. 1992లో మే జెమిసన్ ఆమె ఫోటోతో అంతరిక్షానికి వెళ్లింది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బెస్సీ ధైర్యాన్ని తప్పకుండా తీసుకుందాం. ఎక్కే ముందు మాత్రం ఒక్కసారి చుట్టూ తిరిగి చూసుకుందాం.