కుసుమ ధర్మన్న: వైద్యం నేర్చి పాట కట్టిన మనిషి

పోలవరం ప్రాజెక్టు కోసం ఊళ్ళు వదిలి వచ్చిన ఆదివాసీ, దళిత కుటుంబాల మధ్య మా పరిశోధన కోసం తిరుగుతున్నప్పుడు, ఒక కాలనీలో ఒక పెద్దావిడ మమ్మల్ని ఎదురు ప్రశ్న వేసింది. నీళ్ళ ట్యాంకు ఎక్కడ కట్టాలో, మురుగు కాలువ ఎటు తవ్వాలో తేల్చిన రోజున మా వాళ్ళను ఎవరూ ఎందుకు పిలవలేదని అడిగింది. మేము వెళ్ళింది ఆరోగ్యం గురించి తెలుసుకోవడానికి. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చింది, ఆసుపత్రి ఎంత దూరం, మందులు దొరుకుతున్నాయా అన్న ప్రశ్నల పట్టిక మా చేతిలో ఉంది. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం అందులో లేదు.

పోలవరం దాటి గోదావరి దిగువకు పోతే రాజమండ్రి. ఆ ఊళ్ళో పుట్టిన ఒక దళిత వైద్యుడి జీవితాన్ని ఈ ప్రశ్నతో మళ్ళీ చదవాలనిపించింది. ఆయన కుసుమ ధర్మన్న. తెలుగులో దళిత కవిత్వం గురించి మాట్లాడేవాళ్ళు ఆయన్ను తలచుకోకుండా ముందుకు పోరు. కానీ ఆయన వైద్యుడన్న సంగతిని మనం పరిచయంలో ఒక ముక్క చెప్పి వదిలేస్తుంటాం. ఆయన కవిత్వానికీ వైద్యానికీ మధ్య గోడ లేదని మాకు అనిపిస్తుంది.

ధర్మన్న 1900లో రాజమండ్రిలో ఒక మాల కుటుంబంలో పుట్టారు. ఆయుర్వేదం చదివి వైద్య విద్వాన్ అయ్యారు. ఈ మాట తేలిగ్గా చదివి దాటేసేది కాదు. ఆయుర్వేదం శాస్త్రంగా సంస్కృత గ్రంథాల్లో ఉంది. ఆ భాష చదివే హక్కు ఎవరిదన్న దానిపై అప్పటి సమాజానికి ఏ అనుమానమూ లేదు. పైగా వైద్యం మొదలయ్యేదే ముట్టుకోవడంతో. రోగి మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూడనిదే మందు చెప్పలేరు. ముట్టుకుంటే మైల అన్న కులంలో పుట్టిన మనిషి నాడి పట్టే విద్య నేర్చుకోవడమే అంటరానితనానికి ఒక జవాబు.

ధర్మన్న పెరిగిన గోదావరి జిల్లాలకు నీళ్ళ కొరత లేదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. కాలువలు వచ్చాయి, వరి వచ్చింది, డబ్బు వచ్చింది. కాలువ తవ్విన చేతుల్లో, నాట్లు వేసిన చేతుల్లో ఎక్కువ భాగం మాల, మాదిగ, ఇతర శ్రామిక కులాలవి. అయినా తాగే నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఊరి బావి ఊరిది, వాడ వాడది. బావిలోకి చేద వేసే హక్కు లేనివాళ్ళు ఎవరో వచ్చి పోసేదాకా కుండలు పట్టుకుని నిలబడాలి. లేకపోతే గుంటలో, కాలువలో దొరికింది తాగాలి. కలరా, విరేచనాలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే పుస్తకం మురికి నీళ్ళని చెబుతుంది. ఆ నీళ్ళు వాళ్ళే ఎందుకు తాగారని అడిగితే జవాబు వైద్యంలో దొరకదు, కులంలో దొరుకుతుంది.

పట్నం కథ కూడా ఇంతే. రాజమండ్రి మున్సిపాలిటీ 1866లో ఏర్పడింది. ఆ కాలపు మున్సిపాలిటీల్లో వీధులు ఊడ్చింది, మలం ఎత్తింది దళితులు. పట్నం ఆరోగ్యం వాళ్ళ రెక్కల మీద నిలబడింది. ఆ పట్నం లెక్కల్లో వాళ్ళు కూలీలుగా ఉన్నారు తప్ప, ఏ వీధికి కొళాయి ముందు రావాలో చెప్పే పౌరులుగా లేరు.

1921లో ధర్మన్న పాట బయటికొచ్చింది. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని రాసిన పాట ఊరూరా మారుమోగుతున్న రోజులవి. ధర్మన్న మాకొద్దీ నల్లదొరతనం అని రాశారు. తెల్లవాడు పోతే సరే, మరి మా మెడ మీద కూర్చున్న సొంత ఊరి దొర సంగతేమిటన్నది ఆ పాట నిలదీసిన విషయం. పాలేరు చాకిరీ, ఆకలి, అంటరానితనం అన్నీ అందులోకి వచ్చాయి. వైద్యుడిగా చదివితే అది పాట మాత్రమే కాదు, రోగ నిర్ణయం. ఏడాది పొడవునా చాకిరీ చేసి కడుపు నిండని మనిషికి ఏ లేహ్యం ఇచ్చి లాభమేమిటి?

ఆ పాట వచ్చిన మూడేళ్ళకు, 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టైమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టి గెలిపించారు. ప్రజల రోడ్లు, బావులు, చెరువులు, కార్యాలయాలు ఏ కులం వారికీ మూసి ఉండకూడదన్నది దాని సారం. ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. కానీ ఉత్తర్వు తనంతట తాను బావి దగ్గరికి నడిచి వెళ్ళదు. మహారాష్ట్రలోని మహద్‌లోనూ అదే జరిగింది. మున్సిపాలిటీ 1924లోనే చౌదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట వేల మంది నడిచి వెళ్ళేదాకా దళితులు ఆ నీళ్ళు ముట్టలేకపోయారు. ముట్టినందుకు దెబ్బలు తిన్నారు. అదే ఏడు మున్సిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. బొంబాయి హైకోర్టులో కేసు తేలడానికి 1937 దాకా పట్టింది.

ధర్మన్న ఎంచుకున్న పని ఇక్కడే అర్థమవుతుంది. చట్టం కాగితం మీద ఉన్నప్పుడు దాన్ని వాడకు చేర్చేది జనం నోట నిలిచే మాట. ఆయన హరిజన శతకం రాశారు. జయభేరి పత్రిక నడిపారు. గాంధీ ప్రభావంతో మొదలైన మనిషి, కాలం గడిచేకొద్దీ జస్టిస్ పార్టీ వైపు, అంబేద్కర్ ఆలోచనల వైపు నడిచారు. శతకం పేరులోని హరిజన అన్న మాటను ఈ రోజు మనం వాడం. ఆ నడకలో అది ఒక మజిలీ.

మద్యపాన నిషేధం మీద కూడా ఆయన ఒక పుస్తకం రాశారు. దీని దగ్గర మేము కాసేపు ఆగాం. తాగుడు మానమని పేదలకు చెప్పడం చాలాసార్లు నేరాన్ని పేదల మీదకే తోస్తుంది. కానీ కల్లు, సారా పాటల మీద వచ్చే ఆదాయం మద్రాసు ప్రభుత్వ ఖజానాకు పెద్ద ఆధారంగా ఉన్న కాలమది. వాడలో తాగిన ప్రతి చుక్కకీ దొరతనానికి పన్ను ముట్టేది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాతో నిషేధం మొదలుపెట్టింది. కానీ పై నుంచి వచ్చిన నిషేధం కన్నా, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రేపిన సారా వ్యతిరేక పోరాటమే తెలుగు నేలకు ఎక్కువ నేర్పింది. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993లో సారా నిషేధం తెచ్చింది.

ధర్మన్న బతికుండగానే, 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. మున్సిపాలిటీలు తమ సొంత ఆదాయంలో కనీసం 30 శాతం ప్రజారోగ్యానికి కేటాయించాలని అది చెప్పింది. మంచి చట్టం. అయితే ఆ 30 శాతం ఏ పేటకు ముందు చేరాలో చట్టం చెప్పదు. అది చెప్పే చోట మనవాళ్ళు కూర్చుని ఉండాలి.

1946లో ధర్మన్న కన్నుమూశారు. తెల్లదొర వెళ్ళిపోవడం ఆయన చూడలేదు. నల్లదొర వెళ్ళలేదని చెప్పడానికి 1985 జూలై 17 నాటి కారంచేడు చాలు. అక్కడ గొడవ మొదలైంది మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర. ఆ నీళ్ళు పాడుచేయడాన్ని ప్రశ్నించినందుకు మర్నాడు పల్లె మీద పడి మనుషుల్ని నరికారు.

ఇప్పుడు కమిటీలకు లోటు లేదు. పల్లెల్లో ఆరోగ్య, పారిశుధ్య కమిటీలు, పట్నం బస్తీల్లో మహిళా ఆరోగ్య సమితులు పథకాల్లో ఉన్నాయి. ప్రజల భాగస్వామ్యం అన్న మాట ప్రతి ప్రభుత్వ పత్రంలోనూ కనిపిస్తుంది. మన వాడలో ఆ కమిటీ ఎవరితో ఉంది, ఎప్పుడు కూర్చుంది, ట్యాంకు కడిగే డబ్బు ఎటు పోయింది, మురుగులో దిగే మనిషికి ఏమిచ్చారు అని అడగడం మన వంతు. విద్యార్థులు తమ పరిశోధనలో, కార్యకర్తలు తమ వాడలో ఈ నాలుగు ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు.

పోలవరం నుంచి తిరిగొచ్చాక మా ప్రశ్నల పట్టిక మార్చుకున్నాం. జ్వరాల లెక్క అలాగే ఉంది. దానికి ముందు, మొదటి ప్రశ్నగా, ఆ పెద్దావిడ అడిగినదే రాసుకున్నాం.