లెక్క సరిచేసిన దొర

ధ్యాన భాగము: నెహెమ్యా 5వ అధ్యాయము

కరవు దినములలో రాజు పన్ను కట్టుటకై పొలములు కుదువపెట్టిన బీదల మొరను నెహెమ్యా వినెను. ఈ అధ్యాయము చదువునప్పుడెల్ల సర్ థామస్ మన్రోను మేము తలంచుకొందుము.

1800లో నిజాము వానలు చాలని మన సీమను కుంఫిణీవారికి ఇచ్చివేసెను. 1807 వరకు మన్రో అనంతపురములో కలెక్టరుగా నుండెను. పాలెగాండ్రను అణచి, మధ్యవర్తి లేకుండ రైతుతోనే శిస్తు నిర్ణయించెను. అయితే తాను కట్టిన శిస్తే అధికమని యెరిగి, నూటికి 25 వంతులు తగ్గింపవలెనని పైవారికి వ్రాసెను. వారు ఒప్పుకొనలేదు. పల్లెలు గుత్తకు పోయెను, రైతులు చితికిపోయిరి. 1820లో గవర్నరైన పిమ్మట ఆ తగ్గింపును తానే అమలు చేయించెను. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించగా గుత్తిలో పాతిపెట్టిరి. జనులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి.

మేలు చేసిన దొరయే. అయినను ఆ తగ్గింపు పట్టా గలవానికే గాని పట్టా లేని కూలివానికి కాదు. మన పితరులలో అనేకులు అట్టి కూలివారే. ప్రియులారా, పాపము హృదయములోనే గాక లెక్క పుస్తకములలోను దాగియుండును. మంచివాని చేవ్రాలుతోనే అన్యాయము సాగగలదు. మన్రో తన లెక్క భారమని ఒప్పుకొనుటకు సిగ్గుపడలేదు. మనలో కూలి యిచ్చువారు, వడ్డీ కిచ్చువారు, సంఘపు పెద్దలు కలరు. మన లెక్కను మనమే విప్పి చూచుకొందము. ప్రభువు దానిని అడుగక మానడు.