కంటికందని దాన్ని చూపిన ఎర్నెస్ట్ రుస్కా

మన వైపు సంగటి గెలకడం తెలిసిన వాళ్లకు ఈ మాట కొత్త కాదు. పిండి ఎంత మంచిదైనా ఉండలు కట్టిందంటే సంగటి చెడినట్టే. మిశ్రమ పదార్థాల విషయంలోనూ అదే తంతు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య తిరిగే బస్సు టైరునే తీసుకోండి. దాని రబ్బరుకు బలమిచ్చేది నల్లని కర్బన మసి. ఆ రేణువులు మిల్లీమీటరులో పదివేలవ వంతుకన్నా చిన్నవి. అవి సమంగా కలిశాయా, గుంపు కట్టాయా అన్నదాన్ని బట్టే టైరు మన్నిక. వెలుగు తరంగం ఆ రేణువుకన్నా పొడవు గనుక మామూలు మైక్రోస్కోపులో వాటిని విడివిడిగా చూడలేం. చూసే దారి వేసిన వారిలో ముఖ్యులు ఎర్నెస్ట్ రుస్కా.

రుస్కా 1906 డిసెంబరు 25న జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జన్మించారు. బెర్లిన్‌లో ఇంజనీరింగు చదువుతూ, 1931లో మాక్స్ నోల్‌తో కలిసి అయస్కాంత చుట్టలనే కటకాలుగా వాడి మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును నిర్మించారు. అది పెద్దది చేసి చూపింది సుమారు 17 రెట్లే! భూతద్దం చేసే పనికి ఇంత హంగామా ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. 1933 నాటికి ఆయన యంత్రం మామూలు మైక్రోస్కోపును మించిపోయింది.

అయినా ఏం లాభం? ఎలక్ట్రాన్ల తాకిడికి నమూనా మాడి మసైపోతుందని చాలామంది పెదవి విరిచారు. డబ్బిచ్చేవాళ్లు లేక రుస్కా టెలివిజన్ కంపెనీలో ఉద్యోగానికి పోయారు. వైద్యుడైన తమ్ముడు హెల్ముట్, సహచరుడు బోడో ఫాన్ బొరీస్ మాత్రం ఆయన చెయ్యి వదల్లేదు. 1937లో సీమెన్స్ కంపెనీ ముందుకొచ్చింది. 1939లో యంత్రం అమ్మకానికి వచ్చింది. హెల్ముట్ దానితో వైరస్‌లను చూపించారు.

నోబెల్ బహుమతి 1986లో గానీ రాలేదు. అందులో సగం రుస్కాకు, మిగతా సగం 1981లో మరో రకం సూక్ష్మదర్శిని నిర్మించిన బిన్నిగ్, రోరర్‌లకు. వాళ్లు 5 ఏళ్లు ఆగితే, ఈయన అర్ధ శతాబ్దానికి పైగా ఆగారు. అప్పటికి బొరీస్ (1956), నోల్ (1969), హెల్ముట్ (1973) కన్నుమూశారు. 1988 మే 27న రుస్కా కూడా వెళ్లిపోయారు.

1991లో జపానుకు చెందిన ఇజిమా కర్బన నానో గొట్టాలను చూసింది ఈ రకం యంత్రంలోనే. నేడు ప్లాస్టిక్కులో కలిపిన నానో గొట్టాలు ఉండ కట్టాయేమో తేల్చాలంటే, ముక్కను వజ్రపు కత్తితో అతి పలుచగా కోసి ఇందులోనే చూస్తారు.

విత్తినవాళ్లందరూ నూర్పిళ్ల దాకా ఉండరు. నలుగురు విత్తిన చేనులో పంట చూసింది రుస్కా ఒక్కరే. లాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పుడు ఆ మిగతా ముగ్గురినీ కూడా తలుచుకుందాం.