సాగరముపై కాలమును కొలిచిన వడ్రంగి

నడిసముద్రమున నావికునకు అక్షాంశము సూర్యుని వలనను, ధ్రువనక్షత్రము వలనను తెలియును. రేఖాంశము తెలియవలెనన్న, బయలుదేరిన రేవున ఆ క్షణమున వేళ యెంతయో తెలియవలెను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును గనుక, అచటి వేళకును ఓడపై వేళకును గల భేదమే రేఖాంశమును చెప్పును. కాని అలల కుదుపులకును, శీతోష్ణములకును గతి తప్పని గడియారము నాడు లేదు. 1707లో బ్రిటిష్ యుద్ధనౌకలు నాలుగు సిల్లీ దీవుల శిలలపై పగిలి మునిగెను. 1714లో పార్లమెంటు, రేఖాంశమును అర డిగ్రీలోపు నిర్ణయించు ఉపాయమునకు 20,000 పౌనుల బహుమానము ప్రకటించెను.

జాన్ హారిసన్ 1693లో యార్కుషైరున ఒక వడ్రంగి యింట జన్మించెను. పెద్ద చదువులు లేవు; తండ్రి వృత్తియే అతని వృత్తి. గడియారముల పని స్వయంకృషిచే నేర్చెను. 1735లో ముగించిన అతని మొదటి సముద్ర గడియారము మరుసటి యేట లిస్బన్ యాత్రలో మెప్పు పొందెను. అయినను అతనికి తృప్తి కలుగలేదు. మూడవదానిపై 19 ఏండ్లు శ్రమించెను. తుదకు 1759లో, సుమారు 5 అంగుళముల వెడల్పు గల నాలుగవ గడియారమును సిద్ధపరచెను. 1761లో కుమారుడు విలియము దానిని జమైకాకు గొనిపోయెను. దాని నిత్యగతిని లెక్కించి చూడగా, 81 దినములలో వచ్చిన తప్పు సుమారు 5 సెకండ్లు మాత్రమే!

నిర్ణేతల మండలి మాత్రము నమ్మలేదు. చంద్రుని గమనముచే రేఖాంశమును గణించు పద్ధతియం దభిమానము గల ఖగోళజ్ఞు లందుండిరి. 1764లో బార్బడోసు యాత్రలోను గడియారము నెగ్గెను. 1765లో అతడు యంత్రరహస్యమును విప్పి చూపిన పిమ్మటనే సగము ధనము చేతి కందెను. రాజు మూడవ జార్జి పక్షము వహింపగా 1773లో పార్లమెంటు మరి 8,750 పౌనులు ఒసగెను. అప్పటికి హారిసన్ ఎనుబదేండ్ల వృద్ధుడు. 1776లో అతడు కన్నుమూసెను.

ఆ గడియారమునకు ప్రతిరూపమైన మరియొకటి 1772-75 నడుమ కెప్టెన్ కుక్ ఓడపై పయనించి, అతని పూర్ణవిశ్వాసమును చూరగొనెను. పండితమండలి యీయని యోగ్యతాపత్రమును సముద్రమే ఆ వడ్రంగికి ఒసగెను.